పాట ఆగితే దెబ్బ

మొన్న ఆదివారం మా మనవరాలి చేతి మీద ఒక్కటి వేశాను. గట్టిగానే పడింది. పిల్ల చేసిన నేరమేమీ లేదు. పచ్చడికని నేను చేటలో వేరుశెనగ కాయలు ఒలుస్తుంటే, పక్కన కూర్చుని ఒలిచిన గింజ ఒకటి నోట్లో వేసుకుంది. అంతే. నా చెయ్యి నన్ను అడక్కుండానే లేచింది.

పిల్ల ఏడవలేదు. ప్లీడరు మాదిరి నిలదీసింది.

"మనం దుడ్లిచ్చి కొన్నవే కదా అమ్మమ్మా. తినేదానికే కదా ఒలస్తాండావు. మరి నేను తింటే యాల కొడితివి?"

మా అమ్మాయి వంటింట్లోంచి నవ్వింది. "మీ అమ్మమ్మ కాయలు ఒలిచేటప్పుడు దగ్గరికి పోవద్దని చెప్పినా కదా. పాట కూడా పాడతాంటాది, విను."

అప్పుడు గమనించాను. నిజంగానే ఏదో కూనిరాగం తీస్తున్నాను. ఇన్నేళ్ళు గడిచినా, మదనపల్లెలో మేడ మీద ఫ్యాను కింద కూర్చున్నా, నోరు ఆడుతూ ఉంటే తప్ప నా వేళ్ళు కాయ ఒలవవు. అది మా అవ్వ నేర్పిన విద్య. ఆమె నేర్పడమంటే కొట్టి నేర్పడమే.

మా నాయనను కన్న తల్లి ఆమె. మా ఊరు మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు దిగి, గుట్టల్లోకి కొంత దూరం నడిస్తే వచ్చేది. అంతా వాన మీద బతికే చేలు. ఎండాకాలం చివర, తొలి వానకు ముందు, ఇంట్లో అందరం నడవలో కూర్చుని విత్తనం కాయలు ఒలిచేవాళ్ళం. మిషన్లో వేస్తే పప్పు పగులుతుంది, పగిలింది మొలవదు. అందుకని చేత్తోనే ఒలవాలి. పొట్టు మెత్తబడటానికి కాయల మీద నీళ్ళు చిలకరించేవారు. అప్పుడు లేచే వాసన, మట్టీ పచ్చిపప్పూ గోనెసంచీ కలిసిన వాసన, ఆకలిగా ఉన్న పిల్లల కడుపులో చెయ్యి పెట్టి తిప్పేది.

ఆకలి ఎప్పుడూ ఉండేది. పొద్దున రాగిసంగటి ముద్ద, నీళ్ళ మజ్జిగ. పండగనాడు మాత్రమే వేరుశెనగ ఊరుబిండి పచ్చడి, అదీ వేలితో నాకేంత. కళ్ళ ముందు మాత్రం రాశిగా పప్పు. ఒక్కటి కూడా నోట్లోకి పోకూడదు. అందుకు అవ్వ పెట్టిన చట్టం ఒకటే. కాయలు ఒలిచినంతసేపూ ప్రతి నోరూ పాడుతూ ఉండాలి. ఏ పాటైనా సరే. పాడే నోరు నమలలేదు కదా.

అవ్వ కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. పక్కన చింతబరికె. ఇంతమంది గొంతుల్లో ఏ ఒక్కటి ఆగినా ఆమె చెవికి తెలిసిపోయేది. కన్ను తెరవకుండానే బరికె వచ్చి ఆ వీపు మీద పడేది. మా తమ్ముడు ఒకసారి గింజను దవడలో దాచుకుని పాడబోయాడు. పాట ముద్దగా వచ్చింది. వాణ్ణి జుట్టు పట్టుకుని ఈడ్చి, నోట్లో వేలు పెట్టి గింజ తీసి, కడిగి, మళ్ళీ రాశిలో వేసింది. ఆ తర్వాత కొట్టింది. ముందు గింజ, తర్వాత దెబ్బ. అదీ ఆమె లెక్క.

ఆమె పిసినారితనం గురించి ఊరంతా కథలు చెప్పుకునేది. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా చీల్చేది. వెన్న కాచి నెయ్యి పుంగనూరులో అమ్మి, మాకు మజ్జిగ పోసేది. స్నానం నీళ్ళు వంకాయ చెట్లకు పోవాలి, అందుకని ఆ చెట్ల పక్కనే స్నానం చేయాలి. మా అమ్మ ఒకసారి దీపం వెలుగుతుండగా గడప దాటి పక్కింటివాళ్ళతో మాట్లాడిందని, కిరసనాయిలు దండగ చేసిందని, గరిటె కాల్చి చేతి మీద పెట్టింది. ఆ మచ్చ మా అమ్మ పోయేదాకా ఉండేది. పిసినారితనం అంటే జనం నవ్వుతారు గానీ, ఆ ఇంట్లో పెరిగిన మాకు అది నవ్వులాట కాదు. ఆమె అడుగుల చప్పుడు వింటే దీపం వత్తి తగ్గించి మూలకు చేరేవాళ్ళం.

ఆమెకు ఒక కారణం ఉండేది. దాన్ని ఆమే చెప్పేది, బరికె ఒళ్ళో పెట్టుకుని, కథ చెప్పినట్టు కాదు, తిట్టినట్టు.

"మీ తాత మంచోడు. కరువులో పిల్లోల్లు ఏడస్తాండారని ఇత్తనం ఉడకేసి పెట్టినాడు. తిన్నాం. కడుపు నిండింది. మర్నెలకే వాన పడింది. భూమి తడిసి నోరు తెర్సుకోని ఉండాది, మా సేతుల్లో గింజ లేదు. ఆ ఏడే సేను పరాయోడి పాలయింది. మా సేన్లో మేమే కూలికి పోయినాం. ఆకలికి ఎవురూ సావలేదు. ఆ అవమానానికి మీ తాత సచ్చిపాయ."

ఆ తర్వాత ఆ చేనును ముక్కముక్కగా ఆమే తిరిగి కొన్నదట. అందుకే విత్తనం ఉండే గదికి ఇంట్లో దేవుడి గూటికి లేని తాళం ఉండేది. తాళంచెవి అవ్వ బొడ్లో ఉండేది.

నేను చెప్పబోయే ఎండాకాలంలో ఆ తాళంచెవి కోసం మా ఇంట్లో రక్తం కారింది.

మా నాయనకు ఒక తమ్ముడు. మా చిన్నాయన. ఎర్రగా, పొడుగ్గా, తలకు నూనె రాసి పక్క పాపిడి తీసేవాడు. మాకు చాటుగా బెల్లం ముక్కలు పెట్టిన ఒకే ఒక్క పెద్దమనిషి ఆయనే. ఆయనకు బోరు పిచ్చి పట్టింది. అప్పుడప్పుడే మా వైపు బోర్లు పడుతున్నాయి. బి.కొత్తకోట దారిలో ఎవరికో నీళ్ళు పడ్డాయని, ఏడాదికి మూడు పంటలు టమోటా తీస్తున్నారని చూసి వచ్చాడు. అప్పటికే ఒక బోరు వేయించి, కాడెద్దులు అమ్మి, దుమ్ము చూశాడు. అయినా ఆశ చావలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి నీళ్ళ జాడ చెప్పే ఒకాయనను పిలుచుకొచ్చాడు. చేని మూలన ఆయన చేతిలో కాయ నిటారుగా లేచి నిలబడింది. మేమంతా చూశాం. చిన్నాయన ఆ చోట రాయి పాతి, పసుపు పూసి, దణ్ణం పెట్టాడు.

బోరు లారీ రావాలంటే ముందు అడ్వాన్సు కట్టాలి. చిన్నాయన అవ్వ దగ్గరికి వచ్చాడు. మేం కాయలు ఒలుస్తున్నాం, పాడుతున్నాం.

"అమ్మా, ఇత్తనం సగం అమ్ముదాం. నీళ్ళు పడితే వానతో పనే ల్యా. ఈ యేడే పదింతలు తీస్తాం."

"వద్దు."

"నువ్వు అగ్గిపుల్ల చీల్చి మిగిలిస్తే ఎన్ని తరాలకు బాగుపడతాం సెప్పు. దుడ్డు పెడితేనే దుడ్డు వస్తాది."

"కండ్లకు కనపడే దాంట్లో పెడతా, పెట్టలేదా? ఈ సేను ఎట్లొచ్చిందనుకున్యావు? నేల లోపల యాముండాదో ఎవుడు సూసినాడురా. వాన రాకపోతే ఇత్తనం గదిలోనే ఉంటాది, మరుసటేడు ఏస్తా. బోరు ఎండిపోతే ఆ బొక్కలో నీకు యామి మిగల్తాది?"

ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. ఆ రోజు నేను పూర్తిగా చిన్నాయన పక్షం. నీళ్ళు, టమోటాలు, బెల్లం, అన్నీ ఆయన వైపు ఉన్నాయి.

చిన్నాయన వంగి అవ్వ బొడ్లో చెయ్యి పెట్టాడు. అవ్వ ఆ చేతిని కొరికింది. ఆయన అరిచి, రెండో చేత్తో ఆమె చెంప మీద కొట్టాడు. ఆమె బరికె తిరగేసి ఆయన ముఖం మీద బాదింది. కనుబొమ్మ చిట్లింది. కంట్లోకి రక్తం దిగేసరికి ఆయనకు ఒళ్ళు తెలియలేదు. చేతికి దొరికిన చెవి పట్టుకుని గుంజాడు. చెవి తమ్మె చీలి బంగారు కమ్మ ఊడి వచ్చింది.

మా పాట ఆగిపోయింది. అందరి గొంతులూ ఒకేసారి ఆగిన రోజు అదొక్కటే.

అవ్వ కొంగు తీసి కుడిచెవికి అదుముకుంది. రక్తం మోచేతి మీదుగా కారి రాశి మీద పడుతోంది. ఆమె దాన్ని చూసి మా అమ్మతో అంది. "ఆ తడిసిన గింజలు ఏరి పక్కన పెట్టు మే. చీమలు పడతాయి." తర్వాత మా వైపు తిరిగింది. "పాట యాల ఆపినారు?"

మేం ఏడుస్తూ పాడాం. చిన్నాయన గుప్పిట్లో కమ్మ పట్టుకుని వీధిలోకి పోయాడు.

మరుసటి రోజు నాయన ఆమెను బస్సులో మదనపల్లె మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను. తెల్లచీర నర్సమ్మ చెవి చూసి నొచ్చుకుంది. "కుట్లేస్తే అతుక్కుంటాదమ్మా, మళ్ళీ కమ్మ పెట్టుకోవచ్చు" అని చెప్పింది. అవ్వ ఎంతవుతుందని అడిగింది. ఇవ్వగలిగినంత ఇయ్యమ్మా అంది ఆమె. "ఇవ్వగలిగింది ఏమీ లేదు తల్లీ. వినపడతాంది కదా, సాలు. ఊరికే కట్టు కట్టు" అంది అవ్వ. నాయన ఎంత బతిమాలినా కుట్టు వేయించుకోలేదు. దారిలో నాకు ఒక బన్ను కూడా కొనివ్వలేదు.

చెవికి కట్టు ఉంది కాబట్టి వినపడదని మా తమ్ముడు మర్నాడు ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. బరికె ఎప్పటిలాగే సరిగ్గా వాడి వీపు వెతుక్కుంది.

ఆ కమ్మను చిన్నాయన పుంగనూరులో కుదవ పెట్టి అడ్వాన్సు కట్టాడు. లారీ వచ్చింది. కుప్పం దాటి తమిళనాడు వైపు నుంచి వచ్చిన లారీ అది. ఊరంతా చేని మూలన గుమికూడింది. భూమిలోకి ఇనుము దిగుతుంటే మా పళ్ళు కదిలేవి. తెల్లటి రాతిపొడి లేచి చింతచెట్లను, మనుషులను, పశువులను కప్పేసింది. లోతు పెరిగేకొద్దీ లెక్క పెరుగుతుంది. ఇక ఆపుదామని లారీవాళ్ళే అన్నారు. "ఇంకా దించండి, ఇంకా" అన్నాడు చిన్నాయన. చివరికి ఆ పొడి తడి కూడా కాలేదు.

అప్పుడు వాళ్ళు దుడ్లు అడిగారు. చిన్నాయన దగ్గర లేవు. చేను నుంచి ఇంటిదాకా కాలర్ పట్టి నడిపించుకొచ్చారు. మా వాకిట్లో పడేసి కొట్టడం మొదలుపెట్టారు. కాళ్ళతో తన్నారు, బెల్టుతో కొట్టారు, ఒకడు లారీ రాడ్డు తెచ్చాడు. "కాసు ఎంగడా, కాసు ఎంగడా" అని ఒకటే మాట. దుడ్లేవిరా అని. ఊరివాళ్ళు గోడల మీద నుంచి చూశారు. అడ్డం పోయిన మా నాయనకు రాడ్డు భుజం మీద పడింది, కూలబడిపోయాడు.

అవ్వ విత్తనాల గది తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ఒళ్ళో కొడవలి.

నాయన పాక్కుంటూ పోయి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "తెరువమ్మా. సంపేస్తారు వాణ్ణి."

"సంపరు" అంది అవ్వ. "సంపితే దుడ్లు రావని వాళ్ళకు తెల్సు."

ఆ మాట నేను నా చెవులతో విన్నాను. ఆ క్షణంలో ఆమెను అసహ్యించుకున్నట్టు నా జీవితంలో ఇంకెవరినీ అసహ్యించుకోలేదు. వాకిట్లో చిన్నాయన ముఖం ముఖంలాగా లేదు. అయినా ఆయన ఏడవలేదు. తలుపు తెరవమని అమ్మను అడగలేదు. ఆమెనే చూస్తున్నాడు. ఆమె కూడా రెప్ప వేయకుండా ఆయననే చూస్తోంది.

అప్పుడు ఒకడు ఆయన కుడిచేతిని అరుగు మీద పెట్టి రాడ్డుతో కొట్టాడు. ఎండుకాయ బొటనవేలి కింద పగిలినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. ఆ ఎండాకాలమంతా మేం వింటున్న చప్పుడే.

అవ్వ కళ్ళు మూసుకుంది. "ఆగండప్పా" అంది.

ఎడమచెవికి ఉన్న కమ్మ తిప్పడం మొదలుపెట్టింది. పెళ్ళినాడు బిగించిన మర అది, కదల్లేదు. మా అమ్మ ఆముదం తెచ్చింది. అవ్వ మర తిప్పుతుంటే ఆ చెవి నుంచీ రక్తం వచ్చింది. లారీవాళ్ళు ఆగి చూస్తూ నిలబడ్డారు. కమ్మ ఊడింది. దాన్ని పెద్దవాడి చేతిలో పెట్టింది. వాడు అరచేతిలో తూచి, తన మనుషుల ముఖాలు చూసి, నేలచూపులు చూస్తూ వెళ్ళిపోయాడు. లారీ చప్పుడు గుట్ట మలుపు తిరిగింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

చిన్నాయన చేతికి వెదురుబద్దలు కట్టారు. వారం తిరక్కముందే ఎవరికీ చెప్పకుండా కుప్పం పోయాడు. అక్కడ గ్రానైటు రాళ్ళ పనిలో చేరాడని తర్వాత తెలిసింది. అవ్వ ఆయన పేరు ఎత్తలేదు. ఆయన కంచంలో మాత్రం ఎవరికీ పెట్టనివ్వలేదు.

ఆ తర్వాత వాన పడింది. నిమ్మనపల్లె దాకా ఎక్కడ చూసినా తడిసిన నేలే, ఎవరి దగ్గరా గింజ లేదు. కొందరు తిన్నారు, కొందరు బోర్లకు అమ్మారు. అవ్వ గది తెరిచింది. మొదట మా చేలన్నీ వేసింది. మిగిలింది ఊరికి నాగుకు ఇచ్చింది, అంటే బస్తా తీసుకుంటే పంటనాడు బస్తాన్నర కొలవాలి. జనం తిట్టుకుంటూనే వరసలో నిలబడ్డారు. గోడల మీద నుంచి చూసినవాళ్ళే. ఒకావిడ వినేటట్టే అంది, "కొడుకును కొట్టించి కాపాడిన ఇత్తనం, తింటే అరగదు" అని. "తినొద్దు, ఏసుకో" అంది అవ్వ, చేట నింపుతూ.

ఆ ఏడు పంట బస్తాలు ఇంటి దూలాల దాకా లేచాయి. ఆ దుడ్లతో రోడ్డు వార గులకరాళ్ళ నేల కొన్నది. అందరూ నవ్వారు. ఇప్పుడు ఆ నేల మీదే కాలనీలు లేచాయి. మా చదువులు, మా పెళ్ళిళ్ళు, నేను ఈ పొద్దు ఫ్యాను కింద కూర్చున్న ఈ మేడ, అన్నీ ఆ తలుపు వెనక నుంచి వచ్చినవే. ఆమెను అసహ్యించుకుంటూనే ఆమె పెట్టిన అన్నం తిన్నాను. ఇప్పటికీ ఆ రెంటినీ విడదీయలేను.

అంత కలిగినా అవ్వ మళ్ళీ కమ్మలు కొనలేదు. పుంగనూరులో ఉన్నదాన్ని విడిపించలేదు, వడ్డీ దండగ అంది. చీలిన కుడిచెవి రెండు తోకలుగా వేలాడేది. ఎడమచెవి చిల్లు పూడిపోకుండా వేపపుల్ల పెట్టుకునేది.

చాలా ఏళ్ళకు చిన్నాయన వచ్చాడు. అప్పటికి నాకు పెళ్ళయింది, పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఆ ఎర్రటి పొడుగాటి మనిషి వంగిపోయాడు. రాతిదుమ్ముకు దగ్గు పట్టింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర, నడకలో కుంటు. పెళ్ళి చేసుకోలేదు. కుప్పంలో ఒంటిపూట తిని, బస్సెక్కకుండా నడిచి, బీడీ కూడా మానేశాడని ఆయనతో పనిచేసినవాళ్ళు చెప్పారు. తను తిట్టుకుంటూ వదిలిపోయిన తల్లిలాగానే బతికాడు.

అవ్వ మంచం మీద ఉంది. చూపు మందగించింది. అడుగుల చప్పుడు విని, "కుంటతాండావు యాల?" అని అడిగింది. అంతకు మించి పలకరింపు లేదు.

చిన్నాయన మంచం పక్కన నేల మీద కూర్చుని, జేబులోంచి చిన్న డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. అవ్వ మూత తీసి వేళ్ళతో తడిమింది. రెండు బంగారు కమ్మలు. పాతవాటి మాదిరే చేయించాడు. ఆమె ఒకదాన్ని పట్టి చూసింది, రెండోదాన్ని పట్టి చూసింది. తర్వాత కుడిచెవి తోకలను ఒకసారి ముట్టుకుంది.

"రెండు యాల తెస్తివిరా" అంది. "ఒకటి సాలు కదా. రెండోది ఎనక్కిచ్చేసి ఆ దుడ్లకు ఇత్తనం తెచ్చుకోపో."

ఎడమచెవిలో వేపపుల్ల తీసి, పారేయకుండా గోడ సందులో దోపింది. చెవి ఆయన వైపు తిప్పి పడుకుంది. ఆయన వంకర చేత్తో కమ్మ పెట్టడానికి చాలాసేపు పట్టింది. పెట్టి బయటికి వచ్చి, తన చెయ్యి విరిగిన ఆ అరుగు మీదే కూర్చుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నడవలో మేం కాయలు ఒలుస్తున్నాం. లోపల నుంచి అవ్వ గొంతు వచ్చింది. "పాట యాల ఆపినారు మే?"

మా మనవరాలు ఇంకా చెయ్యి రుద్దుకుంటూనే ఉంది. గుప్పెడు గింజలు తీసి ఆమె ఒళ్ళో పోశాను. తింటూ నా ముఖంలోకి చూసి, "అమ్మమ్మా, నీ కమ్మల్లో ఒకటి అరిగిపోయింది, ఒకటి కొత్తగా ఉండాది, యాల?" అని అడిగింది.

ఎడమది అవ్వ పోయేదాకా పెట్టుకున్నది. కుడిది నాకన్నా ముందు ఎవరూ పెట్టుకోనిది. అవ్వ పోయాక రెంటినీ ఒక్కచోట చేర్చి చిన్నాయన నాకు ఇచ్చాడు. రెండోదాన్ని ఆయన వెనక్కివ్వలేదు. బోరు తర్వాత ఆయన తల్లి మాట కాదన్నది ఆ ఒక్కసారే.